స్కానరా, చేతి తనిఖీయా: అమెరికా వచ్చిపోయే అమ్మానాన్నల కోసం ఒక పోలిక

అమ్మ ఆ రోజు గద్వాల చీర కట్టుకుంది. ఆరు నెలలు మా దగ్గర ఉండి హైదరాబాద్‌కు తిరిగి వెళ్తోంది. దింపి రావడానికి నేనూ అదే విమానం ఎక్కుతున్నాను. అమెరికాలో ఒక విమానాశ్రయం, తెల్లవారుజామున తనిఖీ వరుస. అమ్మ చెప్పులు విప్పి గాజు గదిలోకి వెళ్ళింది. నేల మీద గీసిన పాదాల గుర్తుల మీద నిలబడి చేతులు తలపైకెత్తింది. బయటికి వచ్చేసరికి పక్కనున్న తెర మీద ఒక మనిషి బొమ్మ, ఆ బొమ్మ నడుము దగ్గర ఒక పసుపు గడి, భుజం మీద ఇంకొకటి. నడుము దగ్గరిది కుచ్చిళ్ళు దోపుకున్న చోటు. భుజం మీదిది పిన్నీసు.

నీలం చేతి తొడుగులు వేసుకున్న ఉద్యోగిని ఏదో వివరించింది. అమ్మకు అర్థం కాలేదు, అయినా తల ఊపింది. నడుము మీద చెయ్యి పడగానే ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేసింది. "కదలవద్దు" అని ఆమె గట్టిగా అంది. నేను స్కానర్‌కు ఇవతల, నా వంతు కోసం నిలబడి చూస్తున్నాను. వెళ్ళి తెలుగులో ఒక్క మాట చెప్పడానికి లేదు. తర్వాత గేటు దగ్గర కూర్చున్నాక అమ్మ అన్నది ఒకటే మాట: "ముందే చెప్పి ఉంటే సిద్ధపడి ఉండేదాన్ని కదా, నాన్నా."

ఆ మాట నన్ను వదల్లేదు. తనిఖీలో మనకు ఎంచుకునే వీలు ఉందని, ఏది ఎంచుకుంటే ఏమవుతుందో ముందే తెలుసుకోవచ్చని నేను ఆమెకు చెప్పలేదు. నాకే సరిగ్గా తెలియదు. ఆ తర్వాత కూర్చుని చదివి, అడిగి తెలుసుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కువమందికి స్కానరే మేలు. ఇన్సులిన్ పంపు లాంటి వైద్య పరికరం ఒంటికి తగిలించుకున్నవారికి, చేతులెత్తి నిలబడలేని పెద్దవారికి చేతి తనిఖీ మేలు. కిరణాల భయం ఇప్పుడు పెట్టుకోనక్కర్లేదు. జాగ్రత్త పడవలసిన చోటు వేరే ఉంది, అది మన ముఖం.

కిరణాల భయం ఎక్కడ మొదలైంది

2009 డిసెంబర్ 25న ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డెట్రాయిట్ వెళ్తున్న విమానంలో ఒక యువకుడు లోదుస్తుల్లో దాచుకున్న పేలుడు పదార్థాన్ని పేల్చబోయాడు. అది సరిగ్గా అంటుకోకపోవడం వల్ల, తోటి ప్రయాణికులు మీద పడి పట్టుకోవడం వల్ల విమానం నిలిచింది. ఆ పదార్థం లోహం కాదు కాబట్టి మెటల్ డిటెక్టర్ కింద నడిపించినా మోగదు. అమెరికా రవాణా భద్రతా విభాగం టీఎస్‌ఏ 2010లో ఒంటిని మొత్తం చూసే స్కానర్లను పెద్ద ఎత్తున పెట్టింది ఈ కారణంగానే.

అప్పట్లో పెట్టినవి రెండు రకాలు. ఒకటి బ్యాక్‌స్కాటర్. రెండు పెద్ద బీరువాల్లాంటి పెట్టెల మధ్య మనిషిని నిలబెట్టి, బలహీనమైన ఎక్స్-రేలు పంపి, చర్మం మీద నుంచి వెనక్కి చెదిరి వచ్చిన వాటితో బొమ్మ గీసేది. రెండోది మిల్లీమీటర్ తరంగాలది. గాజు గదిలో రెండు నిలువు స్తంభాలు మన చుట్టూ గిర్రున తిరుగుతాయే, అది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లనే సగం గందరగోళం పుట్టింది, ఇప్పటికీ పోలేదు.

ఎక్స్-రేలది అయనీకరణ శక్తి, అంటే అణువుల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టి జీవకణాలకు హాని చేయగల శక్తి. ఎంత తక్కువ మోతాదైనా దాని గురించి ప్రశ్న అడగడం సబబే. 2010 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కొందరు అమెరికా ప్రభుత్వానికి లేఖ రాశారు. ఈ ఎక్స్-రేల శక్తిలో ఎక్కువ భాగం చర్మంలోనే ఇంకుతుంది, దాన్ని ఒళ్ళంతా పరచి సగటు తీస్తే చర్మానికి తగిలే అసలు మోతాదు మరుగున పడుతుంది అన్నది వారి వాదన. మోతాదు హద్దుల్లోనే ఉందని ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అదే ఏడాది జవాబిచ్చింది. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన రేడియేషన్ నిపుణుడు డేవిడ్ బ్రెనర్ మాట ఇంకోలా ఉంది. ఒక్కొక్క మనిషికి ప్రమాదం అతి స్వల్పమే, కానీ ఏటా కోట్ల మందిని నిలబెట్టినప్పుడు ఆ స్వల్పాన్ని అంతమందితో గుణించి చూడాలి కదా అన్నారు. ఎక్స్-రే లేకుండానే అదే పని చేసే యంత్రం పక్కనే ఉండగా ఎక్స్-రే ఎందుకన్న ప్రశ్నకు ఆనాడు గట్టి జవాబు రాలేదు. 2011 నవంబర్‌లో ఐరోపా సమాఖ్య తన విమానాశ్రయాల్లో ఎక్స్-రే స్కానర్లను అనుమతించేది లేదని తేల్చేసింది. అది నాకు సరైన నిర్ణయంగానే కనిపిస్తుంది.

మోతాదు ఎంతో కూడా చూద్దాం. ఒంటికి తగిలే రేడియేషన్‌ను మైక్రోసీవర్టుల్లో కొలుస్తారు. ఒక్క బ్యాక్‌స్కాటర్ స్కాన్‌కు సుమారు 0.1 మైక్రోసీవర్ట్, లేదా అంతకన్నా తక్కువ. విమానం ఎత్తులో ఎగురుతున్నప్పుడు అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల గంటకు దాదాపు 3 నుంచి 5 మైక్రోసీవర్టులు తగులుతాయి. హైదరాబాద్ నుంచి అమెరికాకు గాలిలో 20 గంటలనుకుంటే 60 నుంచి 100 మైక్రోసీవర్టులు. అంటే ఆ పాత యంత్రంలో 600 సార్లకు పైగా నిలబడితే ఎంతో, ఒక్క వైపు ప్రయాణంలో అంత. కిరణాలకు భయపడి స్కానర్‌ను వద్దని, ఆ వెంటనే విమానం ఎక్కేవారికి ఈ లెక్క తెలియాలి.

ఆ పాత యంత్రాలు ఇప్పుడు లేనే లేవు. 2013 మే నాటికి దాదాపు 250 బ్యాక్‌స్కాటర్ యంత్రాలను అమెరికా విమానాశ్రయాల నుంచి తీసేశారు. ఈరోజు మన వాళ్ళు నిలబడే గాజు గది మిల్లీమీటర్ తరంగాలది. ఆ తరంగాలు రేడియో తరంగాల కోవలోవి. అయనీకరణ శక్తి లేదు, చర్మం దాటి లోపలికి పోవు, ఫోను వెలువరించే శక్తితో పోలిస్తే చాలా తక్కువ. పాత ఎక్స్-రే యంత్రాల మీద రాసిన హెచ్చరికలే ఇంకా ఫోన్లలో తిరుగుతుంటే, వాటిని చూసి గర్భిణులు బెంబేలెత్తుతుంటే నాకు బాధ కలుగుతుంది.

బొమ్మ ఎలా మాయమైంది

ఆ 250 యంత్రాలు ఎందుకు పోయాయో చూస్తే ఈ చర్చ మొత్తం అర్థమవుతుంది. వాటిని సాగనంపింది రేడియేషన్ భయం కాదు, సిగ్గు, ఆత్మగౌరవం.

మొదటి స్కానర్లు బట్టల కింది ఒంటిని ఉన్నదున్నట్టు చూపించేవి. ఆ బొమ్మను వేరే గదిలో ఒక ఉద్యోగి చూసేవాడు. బొమ్మలను దాచి ఉంచుకోవడం లేదని టీఎస్‌ఏ చెప్పింది. కానీ ఎలక్ట్రానిక్ ప్రైవసీ ఇన్‌ఫర్మేషన్ సెంటర్ అనే సంస్థ పట్టుబట్టి బయటికి తీయించిన పత్రాల్లో, బొమ్మలను దాచగల, పంపగల సామర్థ్యం యంత్రాల్లో ఉండాలని టీఎస్‌ఏయే కోరినట్టు తేలింది. అది పరీక్షల కోసమేనని జవాబు వచ్చింది. 2010లో ఫ్లోరిడాలో ఒక న్యాయస్థానం ద్వారం దగ్గర పెట్టిన స్కానర్‌లో దాదాపు 35,000 బొమ్మలు దాచి ఉన్నాయని బయటపడింది. అది విమానాశ్రయం కాదు, యంత్రమూ వేరు. అయినా "దాచం" అన్న మాట మీద నమ్మకం సడలిపోవడానికి అది చాలు.

2010 నవంబర్‌లో, థాంక్స్‌గివింగ్ పండగ ముందు రోజున స్కానర్‌ను అందరూ నిరాకరించాలని పిలుపునిచ్చారు. ఆ ఒక్క రోజు పెద్దగా ఏమీ జరగలేదు కానీ ఒత్తిడి మాత్రం ఆగలేదు. 2011 జూలైలో వాషింగ్టన్ అప్పీళ్ళ కోర్టు స్కానర్లు రాజ్యాంగ విరుద్ధం కావంటూనే, ప్రజల అభిప్రాయం అడగకుండా వాటిని పెట్టడం తప్పని చెప్పింది. 2012లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి, అసలు ఒంటి బొమ్మ బదులు అందరికీ ఒకే రేఖాచిత్రం చూపే సాఫ్ట్‌వేర్ ఉండాలంది. మిల్లీమీటర్ యంత్రాలు మారాయి. బ్యాక్‌స్కాటర్ తయారీ సంస్థ గడువులోగా ఆ సాఫ్ట్‌వేర్ ఇవ్వలేకపోయింది. యంత్రాలు మూటగట్టుకుని పోయాయి.

అమ్మ పక్కన తెర మీద నేను చూసిన బొమ్మ ఆ సాఫ్ట్‌వేర్‌దే. ఆడా మగా, లావూ సన్నమూ తెలియని ఒక గీతల మనిషి, అనుమానం ఉన్న చోట పసుపు గడి. అక్కడ నిలబడిన ఉద్యోగినికి కనిపించేదీ అదే, మనకు కనిపించేదీ అదే. కాబట్టి "లోపలంతా కనిపిస్తుందట" అని సంకోచించే పిన్నులకు, అత్తలకు ధైర్యంగా చెప్పండి: ఇప్పుడు కనిపించదు. జనం గట్టిగా అడిగారు కాబట్టే కనిపించదు.

దీనికి ఒక లోపం మిగిలింది. యంత్రం మడతలను అనుమానిస్తుంది. గుడ్డ పొరలు పొరలుగా ఉన్న చోట ఏముందో తేల్చుకోలేక పసుపు గడి వేస్తుంది. జర్మనీ 2010, 2011 సంవత్సరాల్లో హాంబర్గ్‌లో ఇలాంటి యంత్రాలను పరీక్షించి, తప్పుడు హెచ్చరికలు మితిమీరాయని అప్పటికి పక్కన పెట్టింది. మన చీరలో ఉన్నవన్నీ మడతలే. తలపాగా, ఒత్తైన జడ, సిగ అన్నిటిదీ ఇదే కథ.

చేతి తనిఖీ

స్కానర్ వద్దనేవారికి మిగిలేది చేతి తనిఖీ. అమెరికాలో అది మన దగ్గరిలాంటిది కాదు, ఇది ముందే చెప్పాలి. శంషాబాద్‌లో తెర వెనక చిన్న దిమ్మె మీద నిలబడితే సీఐఎస్‌ఎఫ్ ఉద్యోగిని చేతి డిటెక్టర్‌ను అటూ ఇటూ తిప్పి, పైపైన తడిమి, బోర్డింగ్ పాస్ మీద ముద్ర కొట్టి పంపేది చాలాకాలం మనం చూసిందే. తెర ఉంటుంది, ఆడవారికి ఆడవారే ఉంటారు, అర నిమిషంలో అయిపోతుంది.

2010 చివర నుంచి అమెరికాలో చేతి తనిఖీని కఠినం చేశారు. అరచేతులతో ఒళ్ళంతా, తొడల లోపలి వైపు పైదాకా తడుముతారు. సున్నితమైన చోట్ల చేతి వెనక వైపు వాడతారు. తర్వాత తొడుగులను తుడిచి, ఆ గుడ్డ ముక్కను పేలుడు పదార్థాల జాడ పట్టే యంత్రంలో పెడతారు. మీరేమీ అడగకపోతే ఇదంతా అందరి ముందూ జరుగుతుంది.

2010 డిసెంబర్‌లో అమెరికాలో మన రాయబారి మీరా శంకర్‌కు మిసిసిపీ రాష్ట్రం జాక్సన్ విమానాశ్రయంలో జరిగింది ఇదే. దౌత్యవేత్తనని చెప్పినా పక్కకు పిలిచి తడిమారు. చీర కట్టుకున్నందుకే అలా చేశారని చూసినవారు చెప్పారు. అప్పటి విదేశాంగ మంత్రి ఎస్.ఎం. కృష్ణ ఇది ఆమోదయోగ్యం కాదన్నారు. నియమం ప్రకారమే చేశామని అమెరికా అధికారులు జవాబిచ్చారు. రాయబారికే ఆ అనుభవం ఎదురైతే, ఇంగ్లీషు రాని మన అమ్మలు తమ తప్పేదో ఉందనుకుని తల దించుకోవడంలో వింత లేదు. చీర తప్పు కాదు. ఆ సంగతి వాళ్ళకు మనమే చెప్పాలి.

చేతి తనిఖీ ఎంచుకుంటే, లేదా గడి వెలిగి తప్పనిసరి అయితే, మూడు హక్కులు గుర్తుంచుకోవాలి. తడిమేది ఆడవారిని ఆడవారే, మగవారిని మగవారే. విడిగా గదిలో చేయమని ఎప్పుడైనా అడగవచ్చు. ఆ గదిలోకి తోడుగా మనిషిని తీసుకెళ్ళవచ్చు. మూడోది అన్నిటికన్నా విలువైనది. భాష రాని అమ్మ పక్కన కూతురో కోడలో నిలబడితే ఆ పది నిమిషాలు వేరుగా ఉంటాయి. పది నిమిషాలు అన్నది నిజమైన లెక్కే: గది ఖాళీ కావాలి, ఉద్యోగిని దొరకాలి. వేళ తక్కువగా ఉన్నవారు ఆలోచించుకోవాలి. 2015 డిసెంబర్ నుంచి కొందరు ప్రయాణికుల విషయంలో నిరాకరణను ఒప్పుకోకుండా స్కానర్ తప్పనిసరి చేసే అధికారాన్ని టీఎస్‌ఏ అట్టిపెట్టుకుంది. ఎక్కువమందికి మాత్రం అడిగితే ఇస్తారు.

ఇన్ని అవస్థలకు ఫలితం ఉందా అని అడిగేవారికి: 2015లో అమెరికా ప్రభుత్వ తనిఖీ బృందం మారువేషంలో వెళ్ళి పరీక్షిస్తే, 70 ప్రయత్నాల్లో 67 సార్లు నకిలీ ఆయుధాలు, బాంబులు టీఎస్‌ఏ కళ్ళు కప్పి దాటిపోయాయి. టీఎస్‌ఏ తాత్కాలిక అధిపతిని ఆ పదవి నుంచి తప్పించారు. ప్రజల ఒంటిని ఇంతగా అడిగే వ్యవస్థ తన పనితనాన్ని కూడా ఇంతే బహిరంగంగా పరీక్షకు పెట్టాలని నేను బలంగా నమ్ముతాను.

ఎవరికి ఏది

మోకాలి చిప్పల మార్పిడి చేయించుకున్న పెద్దవారు మన ఇళ్ళలో ఎందరో. వారికి స్కానర్ మంచిది. మెటల్ డిటెక్టర్ లోపలి లోహానికి మోగుతుంది, మోగిందంటే తడమడం తప్పదు. మిల్లీమీటర్ తరంగాలు చర్మం దాటవు కాబట్టి మోకాలిలో ఏముందో వాటికి పట్టదు. అయిదారు సెకన్లు చేతులు పైకెత్తి కదలకుండా నిలబడగలిగితే చాలు. భుజం లేవనివారు, చక్రాల కుర్చీలోంచి లేవలేనివారు ఆ మాట ముందే చెబితే కుర్చీలోనే కూర్చోబెట్టి చేతితో చూస్తారు.

పేస్‌మేకర్ ఉన్నవారు ఆ మాట ముందే చెప్పాలి. అమెరికాలో వారిని మెటల్ డిటెక్టర్ బదులు గాజు గదినో, చేతి తనిఖీనో అడగమంటుంది టీఎస్‌ఏ. మెటల్ డిటెక్టర్ కింద నుంచి వెళ్ళవలసి వస్తే ఆగకుండా నడవాలి, దానికి ఆనుకుని నిలబడవద్దు. చేతి డిటెక్టర్‌ను గుండె మీద ఎక్కువసేపు ఆనించవద్దని అడగాలి. ఇది మన దేశంలో మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడ అందరికీ ఆ డిటెక్టర్ తిప్పుతారు. ఆసుపత్రి ఇచ్చిన పేస్‌మేకర్ కార్డు జేబులో ఉండాలి.

ఇన్సులిన్ పంపు, చక్కెర కొలిచే సెన్సర్ పెట్టుకున్నవారి సంగతి వేరు. కొన్ని కంపెనీలు తమ పరికరాన్ని స్కానర్‌లోకి, సామాన్ల ఎక్స్-రేలోకి తీసుకెళ్ళవద్దంటాయి, కొన్ని ఫరవాలేదంటాయి. పరికరంతో వచ్చిన పుస్తకంలో ఏముందో అదే పాటించండి. అనుమానం ఉంటే చేతి తనిఖీ అడగండి. ఇన్సులిన్‌ను మాత్రం చేతి సంచిలోనే ఉంచుకోవాలి, కింద సామాన్లలో వేస్తే గడ్డకట్టి పాడైపోవచ్చు.

గర్భిణులకు గాజు గదిలో ఎక్స్-రే లేదు, మెటల్ డిటెక్టర్‌లో లేదు. మనసు ఒప్పకపోతే చేతి తనిఖీ అడగడానికి సంకోచించనక్కర్లేదు.

చీర విషయంలో నా సలహా: మానేయమని చెప్పను. ప్రయాణానికి జరీ లేని మెత్తని చీర, పిన్నీసులు వీలైనంత తక్కువ, పెద్ద అంచు పట్టుచీర పెట్టెలో. మంగళసూత్రం, నల్లపూసలు తీయమని ముందుగానే భయపెట్టవద్దు. అవి ఉంచుకునే వెళ్ళవచ్చు, గడి వెలిగితే అక్కడ చూస్తారు. తలకు గుడ్డ కట్టుకునేవారు కూడా తీయనక్కర్లేదు, అవసరమైతే తమ చేత్తో తామే తడిమి చూపించి, ఆ చేతిని తుడిపించుకోవచ్చు.

తరచూ తిరిగేవారికి ఇంకో దారి ఉంది. ముందే పరిశీలన చేయించుకున్నవారికి ఇచ్చే టీఎస్‌ఏ ప్రీచెక్ ఉంటే ఎక్కువసార్లు మెటల్ డిటెక్టర్‌తోనే సరిపోతుంది. అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి అది నేరుగా దొరుకుతుంది. భారత పౌరులు 2017 నుంచి గ్లోబల్ ఎంట్రీకి (అమెరికాలో దిగాక సరిహద్దు తనిఖీ త్వరగా ముగించే పథకం) దరఖాస్తు చేసుకోవచ్చు, అందులో ప్రీచెక్ కలిసే వస్తుంది. బదులుగా వేలిముద్రలు, ఇంటర్వ్యూ, నేపథ్య పరిశీలన ఉంటాయి. వరుసలో ఒంటిని చూపించే బదులు వివరాలను ముందే అప్పగించడం అన్నమాట. ఏటా రెండు మూడుసార్లు వచ్చిపోయేవారికి సరే. రెండేళ్ళకోసారి వచ్చే తల్లిదండ్రుల కోసం నేను ఆ పని పెట్టుకోలేదు.

ముఖం సంగతి

ఒంటి బొమ్మ మీద అంత పోరాటం జరిగి అది చెరిగిపోయింది. ఈలోగా అదే వరుసలో ఇంకో కెమెరా వచ్చి చేరింది. ఈసారి ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. ఇదే నాకు దిగులు.

టీఎస్‌ఏ గుర్తింపు బల్ల దగ్గర ఇప్పుడు ముఖం ఫోటో తీసి పాస్‌పోర్టుతో పోలుస్తారు. అక్కడ "ఫోటో వద్దు, కార్డు చూసి పంపండి" అని చెప్పవచ్చు, చెప్పినందుకు వరుసలోంచి తీసేయరు. దేశంలోకి వచ్చే చోట, బయటికి వెళ్ళే చోట సరిహద్దు అధికారులు తీసే ఫోటో వేరు. అక్కడ కాదనే వీలు అమెరికా పౌరులకే, వీసా మీద ఉన్నవారికి, గ్రీన్‌కార్డు వారికి లేదు.

మన దేశంలో ముఖాన్ని గుర్తుపట్టి విమానాశ్రయంలోకి పంపే డిజీయాత్ర 2022 డిసెంబర్ 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిల్లో మొదలై, 2023లో హైదరాబాద్, విజయవాడలకు వచ్చింది. దాన్ని నడిపే ఫౌండేషన్‌లో ప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 26 శాతం వాటా, మిగిలినది హైదరాబాద్‌తో సహా పెద్ద విమానాశ్రయాలను నడిపే కంపెనీలది. వివరాలు మన ఫోనులోనే ఉంటాయని, విమానాశ్రయానికి ఇచ్చినవి ప్రయాణం తర్వాత 24 గంటల్లో చెరిపేస్తారని చెబుతున్నారు. చెరిపారో లేదో బయటివారు వెళ్ళి చూసే ఏర్పాటు గట్టిగా కనిపించదు. ఆ సంస్థ సమాచార హక్కు చట్టం కిందికి రాదన్నది విమర్శకుల ముఖ్య అభ్యంతరం. 2024లో పాత యాప్ తీసేసి కొత్తది వేసుకోమన్నప్పుడు ఎందుకో చాలామందికి అర్థం కాలేదు.

"దాచం" అన్న మాటను 2010లో అమెరికా జనం నమ్మి ఊరుకోలేదు. పత్రాలు అడిగారు, కోర్టుకెళ్ళారు, చట్టం చేయించారు. మన ముఖాల విషయంలో ఆ పని ఇంకా జరగలేదు. జరిగేదాకా నేను మామూలు వరుసలోనే నిలబడతాను. డిజీయాత్ర ఐచ్ఛికం. గుర్తింపు కార్డు, బోర్డింగ్ పాస్ చూపించి వెళ్ళే దారి ఎప్పుడూ ఉంటుంది. గేటు దగ్గర ఎవరైనా "కెమెరా వైపు చూడండి" అని తొందరపెడితే, నమోదు వద్దని మర్యాదగా, స్పష్టంగా చెప్పండి. హడావుడి లేనివారికి పది నిమిషాల వరుస పెద్ద ధర కాదు.

కిందటిసారి అమ్మ వచ్చేముందు ఒక చిన్న కార్డు రాసి పంపాను. ఒకవైపు తెలుగులో ఏం జరుగుతుందో వరుసగా: గాజు గది, చేతులు పైకి, పసుపు గడి వస్తే ఆడ ఉద్యోగిని తడుముతుంది, భయపడవద్దు, గది అడగవచ్చు. రెండోవైపు ఇంగ్లీషులో: నాకు ఇంగ్లీషు రాదు, విడి గదిలో తనిఖీ చేయండి, నా తోడును రానివ్వండి. మీరూ ఒకటి రాసి ఇవ్వండి. చేతి సంచిని బెల్టు మీద పెట్టడానికి ముందే ఆ కార్డు తీసి చూపించాలని చెప్పడం మరిచిపోవద్దు.